పుల్లగా లేని ఆకు

కాంగోలో మా హెలికాప్టర్ దిగేసరికి వాన. నల్లటి లావా నేల, చుట్టూ కొండలు. ఒంటిమీద బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్, నెత్తిన ఐక్యరాజ్యసమితి వాళ్ల నీలం హెల్మెట్. మొదటిరోజే కంపెనీ కమాండర్ గారు ఆర్డరిచ్చారు: శాంతిదళం పని కాపలా, ఇక్కడి పోలీసుల వ్యవహారాల్లో వేలు పెట్టొద్దు. ఇప్పుడు నేనుండే కెనడాలో, బ్రాంప్టన్‌లో, అందరూ నన్ను తుపాకుల గురించే అడుగుతారు. నాకేమో ముందు ఆకుకూర గుర్తొస్తుంది.

మా వంటవాడిది గుంటూరు. సెలవు నుంచి వస్తూ గోంగూర విత్తనాలు తెచ్చి, క్యాంపు గేటు దగ్గర కూరలమ్మే ఆమె చేత వేయించాడు. ఏం మట్టోగానీ, నడుమెత్తు పెరిగింది. పప్పులో, పచ్చడిలో ఓ పట్టు పట్టేవాళ్లం.

ఒక ఉదయం కూరలామె రాలేదు. గంజాయి పెంచుతోందని పోలీసులు పట్టుకెళ్లారని దుబాసీ చెప్పాడు. మా బెటాలియన్లతో తిరిగి హిందీ నేర్చిన స్థానికుడతను. అక్కడ గంజాయి నేరం. గోంగూర ఆకేమో అచ్చం దానిలాగే వేళ్లు వేళ్లుగా చీలి ఉంటుంది. గంజాయిని వాళ్లు ‘బంగి’ అంటారట. మన భంగే! ఆ మాట సముద్రం ఎలా దాటిందా అని నాకు ఒకటే కుతూహలం. వంటవాడికి ఏడుపొక్కటే తక్కువ.

“నావల్ల ఆ తల్లి జైలుకి పోద్దన్నా,” అన్నాడు.

రేడియోలో కమాండర్ గారిని అడిగాను.

“వెళ్లు. మాటసాయం, అంతే. రైఫిల్ బండిలోనే వదిలెయ్.”

ఠాణా అంటే ఒకటే గది, మూలన కటకటాలు. లోపల కూరలామె, పక్కన ఒక ముసలామె. వాళ్ల దగ్గర దొరికిన ఆకు, చెరో కట్ట, బల్ల మీద ఉంది. నేను గోంగూర కట్టలోంచి గుప్పెడు తుంచి పచ్చిదే నమిలాను. అక్కడి పోలీసు అధికారికీ ఇచ్చాను. పులుపుకి ఆయన మొహం ముడుచుకుపోయింది, ఆ తర్వాత నవ్వాడు. తాళం తీసి కూరలామెను వదిలేశాడు. నాకు పట్టరాని సంతోషం.

ముసలామెది మాత్రం నిజంగా బంగేనని దుబాసీ చెప్పాడు. మోకాళ్ల నొప్పులకు కాచుకుని తాగేదట.

కాంగోలో డ్యూటీ ముగిసింది, పెన్షనొచ్చింది, ఈ దేశమొచ్చాను. మా వీధి చివర గంజాయి కొట్టుంది, బోర్డు పెట్టి మరీ అమ్ముతారు. ఎలా ఉంటుందో చూద్దామని ఓసారి వెళ్లాను. కౌంటర్లో మన తెలుగమ్మాయే, స్టూడెంటు. సీనియర్ సిటిజెన్స్ చాలామంది మోకాళ్ల నొప్పులకని దీని ఆయిల్ కొంటారంకుల్, ఇక్కడ లీగలే అంది. అదే ఆకు. నేనేమీ కొనకుండా బయటికొచ్చేశాను.

ఎందుకంటే, ఆ రోజు మేం ఠాణా గడప దాటుతుంటే వెనక నుంచి పిలుపు వినిపించింది. ముసలామె కటకటాల్లోంచి చెయ్యి చాచి బల్ల మీద మిగిలిన కట్ట చూపించింది. తర్వాత నా నోరు చూపించింది. దుబాసీ మెల్లగా చెప్పాడు.

“నాది కూడా తిని చెప్పు నాయనా అంటోంది.”