నది చివర డ్యామ్

మా చిన్నప్పుడు నరసరావుపేటలో టీవీలకు కూడా జ్వరం వచ్చేది... నమ్మరా? బాజీ వాళ్ల నానమ్మ ఉంటే చెప్పేది. వీధి పిల్లలందరికీ ఆమె జేజి. పసిపిల్లాడి నొసలు చూసినట్టు టీవీ వెనక అరచెయ్యి ఆనించేది. వేడి తగిలిందా... ఇక అంతే, టక్కున కట్టేసేది.

ఎనభైల చివర్లో సంగతి ఇది. బాజీ మా పక్కింటివాడు, వాళ్ల నాన్న లారీ మెకానిక్. ఆ ఎండాకాలం వాళ్ల బాబాయి కువైట్ నుంచి సెలవుకొస్తూ ఒక వీడియో గేమ్ పెట్టె తెచ్చాడు. నల్లటి పెట్టె, నెత్తిన క్యాసెట్ దూర్చే గాడి, వైరు చివర నిలువుగా ఒక పిడి. మెకానిక్ ఇల్లు కదా... దాన్ని గేర్ రాడ్డు అనేవాళ్లం.

బంతితో ఇటుకలు రాలగొట్టే ఆట ఒకటి, ట్యాంకులు కాల్చుకునే ఆట ఒకటి ఉండేవి. మా ప్రాణమంతా మాత్రం విమానం ఆట మీదే. కింద నది... నదికి అడ్డంగా వంతెనలు... వాటిని పేల్చుకుంటూ, దారిలో పెట్రోలు పట్టుకుంటూ పైపైకి పోవాలి.

పైకంటే ఎక్కడికి? పల్నాటి పిల్లలం మేము. నదికి ఎదురెళితే చివర డ్యామ్ ఉండాలి కదా! బడివాళ్లు విజయపురి సౌత్ తీసుకెళ్లి డ్యామ్ గేట్లు చూపించారు, అంతకు మించి సాక్ష్యం ఏం కావాలి? ఆట చివర డ్యామ్ ఉందని బాజీ ఒట్టేసి చెప్పాడు. నేను నమ్మాను. సగం సగం నమ్మడం నాకు అప్పటినుంచీ చేతకాదు.

ఎలాగైనా ఆ డ్యామ్ చూడాలి... బాబాయి సెలవు అయ్యేలోపే చూడాలి. తర్వాత ఆ పెట్టె చిలకలూరిపేటలో ఆయన అత్తగారింటికి పోతుంది. బావమరిదికి మాట ఇచ్చేశాడట.

కానీ జేజి సాగనిస్తేనా! కాస్త ముందుకు పోయామో లేదో, వచ్చి టీవీ కట్టేసేది. టీవీ ఆపితే విమానం ఆగదుగా... మాకు కనపడకుండానే పోయి గట్టుకు గుద్దుకునేది. మళ్లీ మొదటి వంతెన నుంచి మొదలు.

ఒకసారి బాజీ ఏడుపు గొంతుతో అడ్డం పడ్డాడు. జేజి కరగలేదు.

"మీ నాయన లారీకైనా ఆపి నీళ్లు పోత్తాడు గదరా. దీనికి మాత్రం రెస్టొద్దా ఏంది?"

పాస్టరునయ్యాక ఓర్పు గురించి ఎన్ని ఊళ్ల కూటాల్లో గొంతు చించుకుని వాక్యం చెప్పానో లెక్కలేదు. ఆ ఓర్పు నాకు ఆ ఇంట్లో మాత్రం ఎప్పుడూ దొరకలేదు.

బాబాయి ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నం... కరెంటు పోలేదు, ఓల్టేజీ పడిపోలేదు. జేజి పెరట్లో ఉంది. అంత దూరం ఎన్నడూ పోలేదు మేము. నా అరచేతులు చెమటకు జారుతున్నాయి. బాజీ నా చెవి దగ్గరే ఊపిరి పీలుస్తున్నాడు.

"ఒరేయ్, నది ఎడల్పవతాంది సూడు. డ్యామ్ దగ్గిరికొచ్చాం."

జేజి ఎప్పుడొచ్చిందో చూడలేదు. ఈసారి ఆమె టీవీ కట్టేయలేదు. రేపు పెట్టె పోతుందని ఆమెకూ తెలుసు. మా మీద జాలిపడి, మంచినీళ్ల కుండకు చుట్టే గోనెపట్టా తడిపి తెచ్చి టీవీ మీద కప్పింది.

"సల్లగా ఉంటదిలే. ఇయ్యాల ఆపను, ఆడుకోండి నాయనా."

నీళ్లు కారి లోపలికి పోయాయి. చిటపటమంది... ఒక కమురు వాసన... తెర నల్లబడిపోయింది.

జేజి ఆ పట్టా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మంచి చేయబోయిన మనిషిని ఏమని తిడతాం? కోపం గురించి గ్రంథంలో ఉన్న ప్రతి మాట కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసుకున్నవాణ్ణి నేను. జేజి మీద వచ్చిన ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో వాటిలో ఒక్కటీ చెప్పలేదు.

ఈమధ్య రొంపిచెర్లలో కూటం అయ్యాక, సంఘంలో ఒక చెల్లెమ్మ ఫోనులో అదే ఆట చూపించింది. కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను. వంతెన తర్వాత వంతెన పోతూనే ఉంది. డ్యామ్ ఎప్పుడొస్తుందమ్మా అని అడిగాను.

"దీనికి చివరంటూ లేదన్నా. ఎంత పోయినా నదే."

నీకు తెలియదు, ఇంకా పైకి పోనీ అని గట్టిగా కసిరాను. పాపం, ఆ పిల్ల బిత్తరపోయింది.

ఇప్పటి పిల్లలు ఆట మొదలుపెట్టకముందే చివర ఏముందో చూసేస్తున్నారు. ఓడిపోయినా ఆపిన చోటి నుంచే మళ్లీ ఆడుతున్నారు. మరి మీరు ఆ రోజుల్లో ఏ ఆట చివర ఏముందని ఒట్టేసి నమ్మారు? కింద రాయండి, అందరివీ చదువుతాను...

డ్యామ్ లేదని మాత్రం ఎవరూ రాయకండి. అంత దూరం పోయింది నేనూ బాజీనే. నది ఎడల్పవడం మేం కళ్లారా చూశాం.