చెవిలో పోసిన నీళ్లు

నా చిన్నప్పుడు, పెగడపల్లి దగ్గర మా ఊళ్లో మూడో తరగతి చదివే రోజుల్లో, నాకు తట్టు పోసింది. నేను బతికితే పోచమ్మకు మేకనిస్తానని మా బాపు మొక్కుకున్నాడు. బతికాను. మొక్కిన మేకపిల్లను నాకే అప్పజెప్పారు. ఏడాదిపాటు అది నా వెంటే తిరిగింది, నా నోటుపుస్తకాలు కూడా నమిలింది. చెవిలో ఒక్క నీటి చుక్క పడినా అది ఓర్చుకోలేదన్న సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

మా వైపు ఒక ఆచారం ఉంది. కోసే ముందు మేక మీద పసుపునీళ్లు చల్లుతారు. అది ఒళ్లు దులుపుకుంటే జడ్తి ఇచ్చిందంటారు. అంటే పోచమ్మ తల్లీ ఒప్పుకుంది, మేకా ఒప్పుకుంది అని. దులుపుకోకపోతే కోయరు. బోనాల నాడు ఎన్ని నీళ్లు చల్లినా మా మేక కదల్లేదు. నాకు లోపల ఒకటే సంబరం. ఇంతలో ఎవరో, తల్లి కోపంగా ఉంది, ఈ ఆడపిల్లకు మళ్లీ తట్టు పోస్తుందేమోనని గొణిగారు. అమ్మ ఏడవడం మొదలుపెట్టింది. చెంబు అందుకుని దాని చెవిలో నీళ్లు పోశాను. మేక ఒళ్లంతా దులుపుకుంది. డప్పులు మోగాయి. నా చేతి నీళ్లకే జడ్తి ఇచ్చిందని అందరూ నన్ను మెచ్చుకున్నారు.

ఆ మధ్యాహ్నం ఒకచోట నిలవలేక వాడంతా తిరిగాను. పక్కింటి పెద్దమ్మ ఇంటి ముందు గద్దె మీద కూర్చుని బీడీలు చుడుతోంది. మేకే ఒప్పుకుందని ఆమెకు పదిసార్లు చెప్పాను. చెవి సంగతి మాత్రం చెప్పలేదు. ఆమె అంతా విని, ఆకులు తడిపే నీళ్లు దోసిట్లోకి తీసుకుని నా మెడ మీద చల్లింది. నేను గజగజా వణికి దులుపుకున్నాను.

"ఏమొప్పుకున్నవ్ బిడ్డా?" అంది.

"ఏం ఒప్పుకోలే. సల్లగ తాకింది."

"దానికి గూడ గంతే."

మళ్లీ బీడీల మీదికి వంగిపోయింది. సాయంత్రం మా ఇంటి నుంచి పంపిన కూరను కాదనలేదు కూడా.

తర్వాత నేను జగిత్యాలలో తత్వశాస్త్రం పాఠాలు చెప్పాను. మూగజీవాల హక్కుల కోసం కోరుట్ల అంగడిలో, సిరిసిల్ల సభల్లో గొంతు పోయేదాకా మాట్లాడాను. 'మేకల మేడమ్' అని వెక్కిరించినవాళ్ల మీద కోపం వచ్చేది, ఇప్పటికీ వస్తుంది. రిటైరయ్యాక కూడా కుదురు లేదు. సమ్మతి గురించి ఎన్నో పుస్తకాలు చదివాను గానీ పెద్దమ్మ అడిగిన ఆ ఒక్క మాట దాటి ముందుకు పోలేకపోయాను.

ఈ కథ ఎన్నో సభల్లో చెప్పాను. ప్రతిసారీ మేక ఒళ్లు దులుపుకుందనే చెప్పాను. చెవిలో నీళ్లు పోసిందెవరో ఇన్నేళ్లకు ఇక్కడ రాస్తున్నాను. తలంటుకునేటప్పుడు నా చెవిలో నీళ్లు పోతే దులుపుకోవడానికి మనసొప్పదు. అవి కారిపోయేదాకా కదలకుండా కూర్చుంటాను.