అద్దం మూత మీది గీతలు

రాజంపేటలో హైస్కూలు డ్రాయింగ్ మాస్టరును నేను. బోర్డు మీద స్కేలు లేకుండా నిలువు గీత గీస్తే పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. పోయిన మార్చిలో ఒక రోజు ఆ గీత మధ్యలో వంకరపోయింది. సుద్దముక్క బాగాలేదని చెప్పి తుడిపేశాను. ఆ రోజు నుంచి భయం పట్టుకుంది. మా నాయన చివరి ఐదారేళ్లు వణుకు జబ్బుతోనే గడిపాడు.

ఎవరికీ చెప్పలేదు. వేసవి సెలవులివ్వగానే విమానం బొమ్మ కిట్టు ఒకటి తెప్పించుకున్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో రష్యావాళ్లు నడిపిన యుద్ధ విమానం అది. చిన్నప్పుడు బద్వేలుకు వ్యానులో వచ్చే సోవియట్ పుస్తకాల్లో చూసి, నోటుబుక్కుల నిండా దాని బొమ్మే వేసేవాణ్ణి. ముక్కలు అతికించి రంగులేస్తే జానెడు విమానం తయారవుతుంది. ఇంట్లో సరదాకని చెప్పాను. నిజానికి అది నా చేతికి నేను పెట్టుకున్న పరీక్ష.

రెక్కలు, తోక సులువుగానే అతికాయి. రంగు దగ్గరే ఇబ్బంది వచ్చింది. మా ఎండలకు కుంచె మీది రంగు ప్లాస్టిక్‌కు తగిలేలోపే ఆరిపోయి గరుకు తేలేది. ఫ్యాను ఆపేసి, తడిగుడ్డ పక్కన పెట్టుకుని, పొద్దున ఆరింటికే కూర్చునేవాణ్ణి. పైన ఆకుపచ్చ, నలుపు. కింద లేత నీలం. పెద్ద కుంచెతో చెయ్యి బాగానే ఆడింది. అంతా నా అనుమానమేనేమో అనుకున్నాను.

ఇక మిగిలింది పైలట్ తల మీద ఉండే అద్దం మూత. బొటనవేలంత మూత మీద వెంట్రుకంత సన్నటి చట్రం గీతలు వేయాలి. మూడు రోజులు గీశాను, తుడిచాను. ఊపిరి బిగబట్టినా, మోచెయ్యి బల్లకు ఆనించినా, కుంచె మొన అద్దాన్ని తాకే క్షణంలో వణుకు మొదలయ్యేది. నాలుగో రోజు నా భార్య కాఫీ తెచ్చి పెట్టి, అక్కడే నిలబడిపోయింది.

"శానా దినాల నుంచి చూస్తాండా. మీరే చెప్తారని ఊరికే ఉండా," అంది.

"నాయనకు వచ్చిందే నాకూ వస్తాండాదేమో," అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఆమె ఫోను తీసుకుని, కర్నూలులో నాయనను చూపించిన ఆసుపత్రిలోనే నా పేరు రాయించింది.

బస్సులో దారి పొడుగునా కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాను. అది కదలలేదు. కదలకపోయినా భయమే వేసింది.

నరాల డాక్టరమ్మ కాగితమిచ్చి, నత్తగుల్లలా లోపలి నుంచి చుట్టలు చుట్టుకుంటూ గీయమంది. పిల్లలకు ఏళ్ల తరబడి నేర్పిన గీతే. అంచులన్నీ రంపం పళ్లలా వచ్చాయి. మీ నాయనకు చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణికేదా, పనిచేసేటప్పుడా అని ఆమె అడిగింది. నాకు తెలియలేదు. అన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి, ఆ చేతి వైపు చూడకుండా తప్పించుకున్నానని అప్పుడు అర్థమై సిగ్గేసింది. బయటికొచ్చి బద్వేలులో ఉన్న అక్కకు ఫోను చేశాను.

"మొదట్లో ఊరికే కూర్చున్నప్పుడే ఆడేదిరా. ముద్ద కలిపేటప్పుడు నిలిచిపోయేది," అంది అక్క.

లోపలికెళ్లి ఆ మాట చెబితే డాక్టరమ్మ, నాది వేరే వణుకంది. పనిచేసేటప్పుడే వస్తుందట. ప్రాణం మీదికి రాదు కానీ పూర్తిగా పోదు, మెల్లగా పెరగవచ్చు. ఎంత పెరుగుతుందని అడిగితే, ఇప్పుడే చెప్పలేనంది. మాత్రలు రాసి ఆరు నెలలకు రమ్మంది.

ఇంటికొచ్చాక నా భార్య సన్నటి టేపు ముక్కలు కత్తిరించి, గీతలు రావలసిన చోట్లు వదిలి, అద్దం మూతంతా అతికించింది. నేను పైనుంచి రంగు పూశాను. టేపు పీకితే గీతలు తిన్నగా వచ్చాయి. ఆమె విమానాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని లోపలికి చూసింది. దీన్ని ఆడవాళ్లు కూడా నడిపారని చెప్పాను.

"ఇంత ఇరుకులో యట్ల కూచున్యారో," అంది.

డాక్టరమ్మ చెప్పిన గడువుకు ఇంకా రెండు నెలలుంది. మాత్రలు వేసుకుంటున్నాను.