ఉప్పుకోట కట్టకు నేను వేసిన ముడి

ఒక ముడిని నేను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. నవ్వకండి. పురికొస ముడికి బరువేమిటని మీరు అడుగుతారు. నేనూ నన్ను అలాగే అడిగేవాడిని, అడిగి జవాబు చెప్పకుండా వేరే పనిలో పడేవాడిని. మా ఆవిడకు చెప్పలేదు. పిల్లలకూ చెప్పలేదు. మీకు చెప్పగలుగుతున్నాను, ఎందుకంటే మీరు నా పేరు అడగరు, నేను మీ ముఖం చూడనక్కర్లేదు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. డోన్‌లో పలకలు, బలపాలు, సిరాబుడ్లు అమ్మే చిన్న అంగడి నాది. మద్రాసు నుంచి వచ్చే ఒక కథల మాసపత్రికకు మా ఊళ్లో ఏజెంటును కూడా నేనే. అందులో ‘ఉప్పుకోట’ అనే సీరియల్ వచ్చేది. అబ్బ, ఏం సీరియలండీ! తప్పు చెప్పుకోవడానికి కూర్చున్నవాడిని కూడా అది ఊరికే ఉండనివ్వడం లేదు. ఒక మాంత్రికుడు రాకుమారిని ఎత్తుకుపోయి ఉప్పురాళ్ల కోటలో పెడతాడు. వాన పడితే కోట కరుగుతుంది కదా, అందుకని ఆ రాజ్యం మీదికి ఒక్క మేఘం కూడా రాకుండా మంత్రం వేస్తాడు. రాకుమారుడు వానను వెతుక్కుంటూ బయలుదేరతాడు. వరసగా ఎండిన ఏళ్లు చూస్తున్న మాకు ఇంతకంటే ఏం కావాలి? కథలో ఎక్కడో ఒక ఉరుము ఉరిమితే చాలు, మా సుబ్బయ్య అయ్యవారు కుర్చీలోంచి లేచి నిలబడేవారు. ఆయన బడిలో లెక్కలు చెప్పే మనిషి. ఇంకెక్కడా అలా లేచి నిలబడగా నేను చూడలేదు.

మేం కలిసేది మస్తాన్ కుట్టుమిషను అంగట్లో, ఆదివారం పొద్దున. మస్తాన్, అయ్యవారు, వేరుశనగల వ్యాపారం చేసే రెడ్డెప్ప, నేను. రెడ్డెప్పకు ప్రతి పత్రికా కావాలి. “మీ ఉప్పుకోట కంటే ఆ పక్క పత్రికలో గాజుగుర్రం శానా బాగుండాదప్పా, చదవండి” అని వచ్చిన ప్రతిసారీ పోరేవాడు. చదివాం. గాజుగుర్రం రెండో నెలకే కుంటిదైపోయింది. ఆ మాట అన్నందుకు నాతో వారం రోజులు మాట్లాడలేదు.

మాకొక పద్ధతి ఉండేది. పత్రికల కట్ట శుక్రవారం రైలుకు నా అంగడికి చేరేది. ఆదివారం దాకా దాన్ని విప్పకూడదు. ఈ నెల కథలో ఏం జరుగుతుందో ఎవరికి వాళ్లు చీటీ మీద రాసి, శనివారం సాయంత్రంలోగా మస్తాన్ గుండీల డబ్బాలో వేయాలి. ఆదివారం ముందు చీటీలు చదివి, తర్వాత అందరి ముందూ కట్ట కోయాలి. ఎవరి ఊహ నిజమైతే, వచ్చే నెల మస్తాన్ పెద్ద కత్తెరతో పురికొస కోసే హక్కు, కథను గట్టిగా చదివి వినిపించే హక్కు వాళ్లవి. అంతే. దాని కోసం మేం పడిన తాపత్రయం చూస్తే ఎన్నికల్లో నిలబడ్డామనుకుంటారు.

అయిదో చీటీ ఖైరున్‌ది. మస్తాన్ చెల్లెలు. అంగడి వెనకే వాళ్లిల్లు, మధ్యలో ఒక తెర. ఆ తెర వెనక కూర్చుని కాజాలు కుడుతూ మా మాటలన్నీ వినేది. అయిదో తరగతి దాకా చదివింది. పాత సంచికల్లోంచి ఉప్పుకోట పేజీలన్నీ విడదీసి, నల్లదారంతో పుస్తకంగా కుట్టింది. ఆమె చీటీ మావాటిలా ఉండేది కాదు. మేం ‘రాక్షసుడు చస్తాడు’ అని ఒక్క ముక్క రాసేవాళ్లం. ఆమె ఎందుకో కూడా రాసేది. రెండుసార్లు గెలిచింది. ఆమె తరఫున మస్తాన్ కట్ట కోసి, వచ్చీరాని తెలుగులో తడుముకుంటూ చదివితే, తెర వెనక నుంచి సరిచేసేది. సొంతంగా ఒక కథ కూడా రాసింది. పత్రిక చిరునామా నన్నే అడిగింది. “పూర్తి చెయ్యమ్మా, నేనే పోస్టులో వేస్తా” అన్నాను. ఆ మాట అన్నది నేనే.

ఇప్పుడు అసలు సంగతి. నేను కట్ట విప్పేవాడిని.

మొదటిసారి ఆగలేకే విప్పాను. ఒట్టు. రాకుమారుడు బావిలో దూకిన చోట కథ ఆపారు, నెలంతా నాకు అన్నం సయించలేదు. శుక్రవారం రైలు వచ్చింది. అంగడి తలుపు ఓరగా వేసి, ముడి ఎలా ఉందో బాగా చూసుకుని విప్పి, చదివి, మళ్లీ అదే ముడి వేశాను. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ బావిలో ఏముందో తెలిసి కూడా చీటీ మీద తప్పు ఎలా రాయను? రాసి ఉండొచ్చు కదా? రాయలేదు. గెలిచాను. అయ్యవారు నా వీపు తట్టి, “నీ తలకాయలో ఏముండాదప్పా!” అన్నారు. ఆ మాట నాకు ఎంత తియ్యగా ఉందంటే, తర్వాత నెలనెలా విప్పింది కథ కోసమా, ఆ మాట కోసమా అని ఇప్పుడు అడిగితే, మాట కోసమే అని ఒప్పుకోవాలి. అయిదు నెలలు వరసగా నేనే గెలిచాను.

ఆరో నెల. మాంత్రికుడి ప్రాణం ఎక్కడ దాగుందో ఈ సంచికలో తెలుస్తుంది, వచ్చే నెలతో కథ అయిపోతుంది. ఊరంతా అదే చర్చ అంటే నమ్మండి. చిలుకలో అని రెడ్డెప్ప, ఉంగరంలో అని అయ్యవారు, నడివీధిలో కొట్టుకున్నంత పని చేశారు. శుక్రవారం కట్ట వచ్చింది. విప్పాను, చదివాను. ప్రాణం వాడి నీడలో ఉంది! రాత్రి పొద్దుపోయేదాకా అదే మళ్లీ మళ్లీ చదువుతూ కట్ట విప్పే ఉంచాను. మర్నాడు పొద్దున్నే నేను కర్నూలులో బంధువుల పెళ్లికి పోవాలి. లేచేసరికే బస్సు టైమైపోతోంది. గబగబా కట్ట కట్టి, మస్తాన్ ఇంట్లో ఇచ్చి, ‘నీడ’ అని రాసిన నా చీటీ డబ్బాలో పడేసి పరుగెత్తాను.

ఆదివారం పొద్దున బస్సు దిగి నేరుగా అంగడికే వచ్చాను. పోయిన నెల గెలిచినవాడిని కాబట్టి కత్తెర నా చేతిలో ఉంది. అయ్యవారు చీటీలు చదివారు. నాది చదివారు. తర్వాత ఖైరున్‌ది.

“ప్రాణం వాడి నీడలో ఉంది. మొదటి నెలలో వాడి నీడ గోడ మీద పడిందని రాశారు. మూడో నెల నుంచి వాడు మిట్టమధ్యాహ్నం తప్ప బయటికి రావడం లేదు. నీడను ఎవరైనా తొక్కుతారని భయం.”

మేమంతా ఆ మూడో నెల కథను పదిసార్లు చదివినవాళ్లమే. ఒక్కరికీ కనబడలేదు. చదువుతుంటే అయ్యవారి గొంతే మారిపోయింది. నాకు అసూయ కలగలేదు ముందు. నిజం చెబుతున్నాను, ముందు సంతోషమే కలిగింది. ఎగిరి గంతేయాలనిపించింది. నేను దొంగతనంగా చూసినదాన్ని ఆమె కూర్చున్నచోటు నుంచే చూసింది!

అప్పుడు అయ్యవారు కట్ట దగ్గరికి తీసుకున్నారు.

“ఏమప్పా, ఈ ముడి పత్రికోళ్లు వేసేది కాదే. ఎవురో యిప్పి మళ్లా కట్టినట్టుండాది.”

నేను చూశాను. బస్సు తొందరలో, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పలకలకూ పుస్తకాలకూ వేసే నా అంగడి ముడే వేసేశాను. చేతికి అలవాటైన ముడి. అందరూ నా వైపు చూశారు.

“నేనిచ్చినప్పుడు బాగనే ఉండె సార్” అన్నాను. “నిన్న పొద్దున్నుంచి కట్ట ఈళ్లింట్లోనే కదా ఉండాది.”

“ఏమంటాండావప్పా నువ్వు?” అని మస్తాన్ మిషను మీద నుంచి లేచాడు. “మా ఇంట్లో ఎవురు తీస్తారు?”

ఖైరున్ చీటీ వైపు చూశాను, అంతే. ఆ చూపు చాలింది. రెడ్డెప్ప, “అయితే ఆ మిట్టమధ్యాహ్నం మాటంతా?” అన్నాడు. “చదివినాక కారణం అల్లేది ఎంతసేపు?” అన్నాను. అదీ నా నోటి నుంచే వచ్చింది.

తెర వెనక నుంచి ఆమె గొంతు వినబడింది. ఏడుపు లేదు అందులో. “అన్నా, ఆ ముడి కొయ్యొద్దు. అది ఎవురు కట్టే ముడో ఒక్కసారి సూడండి.”

నీడను పట్టుకున్న మనిషి ముడిని పట్టుకోదా?

కత్తెర నా చేతిలోనే ఉంది. “ఇంక సూసేదేముండాది” అంటూ ముడి మీదే కోశాను. పురికొస ముక్కలు తీసి జేబులో వేసుకున్నాను.

ఆ రోజు కథ ఎవరూ గట్టిగా చదవలేదు. మస్తాన్ లోపలికి పోయి, నల్లదారంతో కుట్టిన పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. “మా ఇంట్లో ఇంక కతలొద్దు” అన్నాడు. ఆ వారంలోనే ఒక చొక్కా తీసుకోవడానికి మస్తాన్ అంగడికి పోయాను. బొగ్గుల ఇస్త్రీపెట్టె రాజేయడానికి గీతల కాగితాలు వాడుతున్నాడు. ఒక కాగితం మీద ఖైరున్ చేతిరాత కనబడింది. నేను పోస్టులో వేస్తానన్న కథ అది. అప్పుడైనా నోరు తెరవొచ్చు కదా. చొక్కా చంకలో పెట్టుకుని ఇంటికి పోయాను. ఎందుకు చెప్పలేదు? జైలుకు పంపేవారా? లేదు. ‘నీ తలకాయలో ఏముండాదప్పా’ అని ఇంకెవరూ అనరు, అంతే. అంత చిన్నదాని కోసం.

తర్వాతి నెల ఆఖరి భాగం వచ్చింది. మస్తాన్ అంగడికి ఎవరూ రాలేదు. చీటీలు వేసే గుండీల డబ్బా మాత్రం ఇంక మాకొద్దని నాకు పంపేశాడు, లోపల పాత గుండీలు పదో పన్నెండో. వాటి అడుగున ఖైరున్ చీటీ ఒకటి ఉంది. కథ ముగింపు గురించిన చీటీ ఎవరైనా ఎప్పుడైనా వేయొచ్చు, ఆఖరి నెలే తెరవాలి అని మాకొక పద్ధతి. గొడవకు ముందే వేసినట్టుంది. పత్రికలో వాన పడింది, కోట కరిగింది, పెళ్లయింది. సుబ్బయ్య అయ్యవారు దారిలో కనబడి, ఆ వాన సంగతి చెబుతూ కళ్లు తుడుచుకున్నారు. నేను ఆ చీటీ ఎవరికీ చూపలేదు. ఖైరున్ పెళ్లయి రాయచోటికి పోయింది. ఆ తర్వాత ఏమైనా చదివిందో లేదో, రాసిందో లేదో నాకు తెలియదు. తెలుసుకునే ధైర్యం చేయలేదు.

చీటీ ఇప్పుడు నా ముందుంది. అక్షరాలు వెలిసిపోతున్నాయి, అందుకే ఉన్నదున్నట్టు ఇక్కడ దింపుతున్నాను.

“వాన పడితే కోట కరుగుతుంది. కానీ ఆ ఉప్పునీళ్లు ఎక్కడికి పోతాయి? కింద చేలల్లోకి. చేలు చవుడై జొన్న మొలవదు. ఇది రాకుమారుడికి తెలియదు, రాకుమారికి తెలుసు. కిటికీలోంచి వానను ఆపమని అరుస్తుంది. ఊళ్లవాళ్లందరినీ పిలుస్తుంది. ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో రాయి పెరికి తీసుకుపోతారు. కూరల్లో, ఊరగాయల్లో, గంజిలో కోటంతా అయిపోతుంది. ఆఖరి రాయి రాకుమారే ఎత్తుకుని బయటికొస్తుంది. అప్పుడు వాన.”

చూశారా! ఎలా ఉంది చెప్పండి! ఇన్నేళ్లలో దీన్ని నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, చదివిన ప్రతిసారీ ఎవరితోనైనా పంచుకోవాలని ప్రాణం కొట్టుకునేది. పంచుకోవాలంటే చీటీ నా దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పాలి. ఇవాళ మీకు రెండూ చెప్పాను. మీరు నన్ను క్షమించనక్కర్లేదు. ఆ పని చేయగలిగింది మీరు కాదు, అడగగలిగినన్నాళ్లూ నేను అడగలేదు. మస్తాన్ పోయాడు, అయ్యవారూ పోయారు, ఆ తెర ఉన్న చోట ఇప్పుడు ఇంకెవరో ఉంటున్నారు. అయినా ఆ ఆదివారం అక్కడ అనాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది. చిన్న మాటే. గట్టిగా అనుకుంటూ రాస్తున్నాను.

మస్తానూ, ఆ కట్ట యిప్పింది నేనప్పా. మీ చెల్లెలు కాదు.