ఆరోజు లైటు ఆర్పలేదు

తెలంగాణ ఉద్యమం రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో వినికిడి లేని ఆడపిల్లల బడిలో కంప్యూటర్ మీద ఇంగ్లిష్ వ్యాకరణం నేర్పేదాన్ని. అక్కడ పిల్లల్ని నోటితో పిలవం. లైటు ఆర్పి వెలిగిస్తే అందరూ తలెత్తి చూస్తారు.

ఒక మధ్యాహ్నం ఆయా యాదమ్మ పరుగెత్తుకొచ్చింది. "మేడం, ఎల్‌బీనగర్ కాడ బస్సులాపుతున్నరంట. జల్దీ పిల్లల్ని పంపుండ్రి!"

ముందు వరుస వాళ్లను సైగ చేసి లేపాను. మిగతావాళ్లూ వాళ్ల వెంటే కదిలారు. గుమ్మం దగ్గర ఆగి "లోపల ఎవరైనా ఉన్నారా?" అని గట్టిగా అరిచాను. జవాబు రాలేదు. తాళం వేసి, గేటు దగ్గర పిల్లల్ని ఇళ్లవాళ్లకు అప్పగించాను.

చివరగా, మీర్‌పేట్ నుంచి నడిచొచ్చిన ఒక తండ్రి అడిగాడు. "మా సరిత ఏది మేడం?"

పరుగున వెళ్లి తలుపు తీశాను. వెనక వరుసలో కంప్యూటర్ చాటున పాఠంలో మునిగి మేం వెళ్లడం చూడని సరిత ఎదురుగా నిలబడి ఉంది. తలుపు బాది బాది అరచేతులు కందిపోయాయి. ఏడవలేదు. స్విచ్ దగ్గరికెళ్లి లైటు ఆర్పి, వెలిగించి, నా మొహంలోకి చూసింది.

ఆరేళ్లు వాళ్ల మధ్యే ఉండి, భయపడ్డ ఆ ఒక్క నిమిషంలో వాళ్లెవరో మరిచిపోయాను. మర్నాటి నుంచి సరిత స్విచ్ పక్కనే కూర్చునేది. అక్కణ్ణుంచి లెమ్మని ఏనాడూ అనలేకపోయాను.