తీసేసిన చుక్క

ఎయినో కంగాస్ పదకొండేళ్లుగా వేళ్ల కోసం బొమ్మలు గీస్తున్నాడు. కెనడాలోని థండర్ బే ఊళ్లో ఓ కాలేజీ లైబ్రరీ కింద అతని గది. నల్లసిరా పడ్డచోటల్లా వేడికి ఉబ్బే కాగితం, దాన్ని వేడిచేసే చిన్న యంత్రం, సొరుగుల బీరువా, అంతే సరంజామా. చూపులేని పరిశోధకులు తడిమి చదువుకునే గ్రాఫులు ఇక్కడే తయారవుతాయి.

కన్ను ఆబగా అంతా ఒక్కసారే మింగేస్తుంది; వేలు గుక్కగుక్కగా తాగుతుంది. అందుకే ఈ పనిలో మొదట నేర్పేది తీసెయ్యడం. గళ్లు తీసెయ్, రంగులు తీసెయ్, వేలికి అడ్డొచ్చేదల్లా తీసెయ్. ఎయినోకు ఆ విద్య మరీ బాగా అబ్బింది.

ఇవాళ ఆ చూపులేని పరిశోధకుల్లో ఒకరైన ఓడెట్, గులాబీరంగు చక్కెరపూత బన్నుల పెట్టెతో మెట్లు దిగివచ్చింది. సరస్సుల చేపల్లో పాదరసం ఎంతుందో తేల్చడం ఆమె పని. పాత నివేదికలో ఒక బొమ్మ మిగిలింది, దాని అంకెలు ఎవరి దగ్గరా లేవు. ఆ బొమ్మనే, సరస్సుకో చుక్క చొప్పున, ఎయినో ఉబ్బెత్తుగా గీసిచ్చాడు.

"తిను ముసలాయనా, నీ పుణ్యమే! ఒక్క సరస్సూ ప్రమాదపు గీత దాటలేదు. చేపలు నిశ్చింతగా తినొచ్చని రేపు ఊళ్లకు రాసేస్తున్నా."

అతను కొరికిన బన్ను పక్కన పెట్టేశాడు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ గదిలో చూపున్నది తనొక్కడికే.

"ఓడెట్... ఒక చుక్క తీసేశాను."

"ఏ చుక్క?"

"గీతకు పైన, మూలన, ఒంటరిగా ఉంది. మిగతావాటికి నాలుగింతల ఎత్తున. బ్రెయిల్ అక్షరాల పక్కన పడి నీ వేలు తికమకపడుతుందని..."

ఆమె నవ్వు ఆగిపోయింది. "నేను వెతుక్కునేదే దానికోసం కదయ్యా!"

అతను చుక్క చేర్చి, కాగితాన్ని యంత్రంలో దూర్చాడు. వెచ్చగా బయటికొచ్చిన దాన్ని ఆమె తడిమింది. గుంపు దాటి, ఖాళీ దాటి, వేలు ఆ చుక్క మీద ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"రేపు రాయను," అంది. "ఇలాంటివి ఇంకెన్ని?"

ఎయినో సొరుగుల వైపు చూశాడు. పదకొండేళ్లు. ఎవరెవరి వేళ్లో.

"తెలీదు. గుర్తుపెట్టుకోలేదు."

ఓడెట్ కోటు విప్పి కుర్చీ లాక్కుంది. "మొదటి సొరుగు తియ్యి. అసలు బొమ్మలో చుక్కలు నువ్వు లెక్కపెట్టు, నీ కాగితం మీద నేను లెక్కపెడతా. ఇకమీదట ఏది అడ్డమో నేను చెబుతా, నువ్వు కాదు."

అతను తీసి, లెక్కపెట్టాడు.

"ముప్పై ఒకటి."

ఆమె వేలు నింపాదిగా కదిలి, చివర ఆగింది.

"ఇరవై తొమ్మిది."