డ్రహోమీరా వదిలిన తొట్టి

ఏటా చర్చి పండుగకి మా పక్కింటి డ్రహోమీరా పళ్ళెం నిండా గసగసాల తీపి రొట్టెలు, కొలాచెలు, కాల్చి, పెళ్ళీ పెటాకులూ లేని వెండెలీన్ ఇంటికి మోసుకెళ్ళేది. ఊరికి అదొక వేడుక. తీపి తినిపించి వల్లో వేసుకుంటావా అని నేనూ ఆటపట్టించాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆమె బట్టల మిల్లులో గుడ్డ తెల్లబరిచే గదిలో పనిచేసేది. మందునీళ్ళ తొట్టి నదిలోకి వదిలేముందు కిటికీలోంచి చూడాలి, ఆనకట్ట మీంచి నీళ్ళు పొర్లుతుంటేనే తూము తీయాలి. ఆ పళ్ళెం మోయడం మొదలైన ఏడు, పండుగ ముందు శనివారం, ఇంట్లో పిండి పొంగిపోతోందన్న తొందరలో చూడకుండానే తీసేసింది. ఆనకట్ట కడగడానికి ఆరోజు ఎగువన నీళ్ళాపారు. నదిలో పాదం మునిగేన్ని నీళ్ళు కూడా లేవు.

సాయంత్రానికి వంతెన కింద మడుగులో ట్రౌట్ చేపలన్నీ వెల్లకిలా తేలాయి. వెండెలీన్ చేపపిల్లలుగా తెచ్చి, సాకి నదిలో వదిలినవవి. ఆయనది పక్కనే తోళ్ళ కర్మాగారంలో పని. ఆ పొద్దున్నే తోళ్ళు నానబెట్టే సున్నపు గుంట నదిలోకి ఖాళీ చేశాడు. బీరుకొట్లో ఆయన ఉన్న చేపలు పట్టేవాళ్ళ సంఘం కూర్చుంటే తనే లేచి, "సున్నం నాదే. నా పేరు కొట్టేయండి" అన్నాడు. వెనక బల్ల దగ్గరే ఉన్న డ్రహోమీరాకి ఉద్యోగం పోతుందన్న భయంతో నోరు పెగల్లేదు. ఆయన గాలపు కర్రలు పంచిపెట్టేశాడు. మళ్ళీ ఒడ్డున కాలు పెట్టలేదు.

తర్వాత మిల్లూ మూతపడింది, తోళ్ళ పనీ పోయింది. నీళ్ళు తేటపడి ట్రౌట్‌లు వాటంతటవే తిరిగొచ్చాయి. ఊరంతా వంతెన మీద నిలబడి చూస్తుంటే వెండెలీన్ మాత్రం చుట్టుదారిన పోయేవాడు. అది చూడలేకపోయింది డ్రహోమీరా. పోయినేడు పండుగకి పళ్ళెం ఆయన బల్లమీద పెట్టి అంతా చెప్పేసింది.

"నా పాపం ఆయన మోశాడు, నేను రొట్టెలు మోశాను" అని నా దగ్గర ఏడ్చింది.

ఆయన అరవలేదట. "అప్పుడే చెప్పుంటే ఏమయ్యేది, డ్రహో? నాలుగు తిట్లు తిట్టి సోమవారానికి మర్చిపోయేవాణ్ణి" అన్నాడట. ఆ మాటే ఆమెని తినేస్తోంది.

ఎనభై దాటాక మళ్ళీ సంఘంలో చేరాడు. చేతులు వణుకుతాయి, దారానికి గాలం కట్టలేడు. ఆమే కడుతుంది. మొన్న వంతెన మీంచి చూశాను. పెద్ద చేపే పడింది. లాగే బలం ఆయనకి లేక, అది దారం తెంపుకుపోయింది.

"పదేళ్ళ కిందటైతే పట్టేవాణ్ణి" అన్నాడు, ఎవరినీ అననట్టు. "ఊఁ, ఇంకోటి కట్టు."

ఆమె తల వంచుకుని కట్టింది.